న్గోరోంగోరో జీపులో మూడో అమ్మాయి

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. కాకినాడలో మా ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే మా నాన్న నవ్వేసి టీవీ సౌండు పెంచేవాడు. నాదీ అదే పద్ధతి. కానీ పోయిన ఏడాది జరిగింది చెప్పాలంటే ముందు నా అసూయ సంగతి ఒప్పుకోవాలి.

జర్మనీలోని కాట్‌బస్‌లో మాస్టర్స్ చదువుతూ నేనూ, మానసా ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. మానసది కరీంనగర్. టాంజానియా సఫారీకి వెళ్ళాలన్నది నా పిచ్చి. ఏనుగులకి టరంగిరే, సింహాలకి సెరెంగెటి, ఖడ్గమృగానికి న్గోరోంగోరో. ఏ పార్కులో ఎన్ని రోజులుండాలి, ఏ నెలలో గడ్డి పొట్టిగా ఉండి జంతువులు బాగా కనిపిస్తాయి, అన్నీ నేనే కనుక్కున్నాను. చిరుతకీ చీతాకీ తేడా మానసకి చెప్పింది కూడా నేనే.

తీరా చూస్తే వీసా పొడిగింపుకి నాకు దొరికిన ఒకే ఒక్క టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, సరిగ్గా మేమిద్దరం ప్రయాణం పెట్టుకున్న వారంలో పడింది. వదులుకోవడానికి లేదు. నా బదులు మా జూనియర్ స్వాతి బయల్దేరింది.

"నువ్వు లేకుంటే ఏం మజా ఉంటదే" అంది మానస, బ్యాగు సర్దుకుంటూ.

నేను నవ్వాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాను.

ఫొటోలు రావడం మొదలైంది. ప్రతి దానికీ హార్ట్ పెట్టాను. ఖడ్గమృగం మాత్రం దీనికి కనిపించకూడదు దేవుడా, అని మనసులో అనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

నా టెర్మిన్ బుధవారం పొద్దున. పని పది నిమిషాల్లో అయిపోయింది. అక్కణ్ణించి లైబ్రరీకి వెళ్ళి కూర్చున్నాను. పదకొండింటికి మానస నుంచి ఫొటో వచ్చింది. ఖడ్గమృగం, పక్కనే దాని పిల్ల.

ఆ ఫొటో పెద్దది చేసి చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత ఏం చేశానో గుర్తులేదు. నిద్ర మాత్రం పోలేదు. మళ్ళీ టైము చూసుకునేసరికి పన్నెండు కావస్తోంది. వీపంతా చెమట. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మానస వచ్చింది. వంటింట్లో ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. మామూలుగా అది గలగలా మాట్లాడే మనిషి. ఆ రోజు నా మొహమే చూస్తోంది.

"నీ అద్దాలకు ఆ టేపేందే?" అంది.

సోమవారం నా కళ్ళజోడు కాడ విరిగింది. తెల్ల టేపు చుట్టి నెట్టుకొస్తున్నాను. అప్పటికే మానస ఆఫ్రికాలో ఉంది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఆ వారం ఫొటో కూడా దిగలేదు.

మానస తినడం ఆపేసి చెప్పడం మొదలుపెట్టింది. న్గోరోంగోరోలో ఖడ్గమృగాన్ని చూస్తున్నప్పుడు వాళ్ళ డ్రైవరు వెనక్కి తిరిగాడట. చాలా ఏళ్ళుగా ఆ పార్కుల్లోనే తిరుగుతున్న పెద్దాయన. "మీ మూడో అమ్మాయిని కూర్చోమనండి, నిలబడితే జంతువు బెదురుతుంది" అన్నాడట ఇంగ్లిషులో. జీపులో ఉన్నది వీళ్ళిద్దరే. తమాషా చేస్తున్నాడనుకుని నవ్వారట. ఆయన మళ్ళీ వెనక సీటు వైపు చూసి, బండి తిప్పేశాడట.

సాయంత్రం లాడ్జి దగ్గర మానస ఒక్కతే వెళ్ళి, ఆ మూడో అమ్మాయి ఎలా ఉందని అడిగితే చెప్పాడట. ఆకుపచ్చ స్వెట్టరు. భుజాల దాకా జుట్టు. కళ్ళజోడుకి ఒక పక్క తెల్ల టేపు.

బుధవారం నేను వేసుకున్నది ఆకుపచ్చ స్వెట్టరే.

"స్వాతికి చెప్పలేదు, భయపడ్తదని" అంది మానస. "ఇంకో మాట గూడ అన్నడే ఆయన."

"ఏమన్నాడు?"

"ఈడికి వచ్చినోళ్ళందరు జంతువులను చూస్తరు, ఆ పిల్ల ఒక్కసారి గూడ అటు చూడలేదు, నిన్నే చూస్తుండె, అన్నడు."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. మనసులో ఏమేం అనుకున్నానో అంతా అప్పుడే చెప్పేశాను. మానస కోప్పడలేదు. లేచి ఇద్దరి కంచాలూ సింకులో పెట్టింది.

"నాకు ఎరుకనే" అంది, అటు తిరిగే.

ఆయన పొరబడ్డాడనుకుందామంటే టేపు సంగతి ఆయనకెలా తెలుస్తుంది? ఆ రోజు నేను కాట్‌బస్ దాటలేదు. వీసా ఆఫీసు కాగితాల మీద ఆ తేదీతో నా సంతకం ఉంది. లైబ్రరీలో ఆ ముప్పావుగంట ఏమైందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

ఈసారి దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కుకి పోదామంటోంది మానస. వస్తానన్నాను. అక్కడ ఏ జంతువులుంటాయో కూడా వెతకలేదు. మానస వెళ్ళిపోయి నేను ఇక్కడ ఒక్కదాన్నే ఉండిపోవడమంటేనే నాకు భయంగా ఉంది.