అడిగినంకనే రాసిన

నేను పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా ఎల్లారెడ్డి దిక్కు ఆడోళ్లు ఫోన్ల ఒక గ్రూపు పెట్టుకున్నరు. కూలికి పోయేటోళ్లు, ఎకరమో రెండెకరాలో చేసుకునేటోళ్లు. గర్భసంచి తీయించుకున్నంక వచ్చే నొప్పుల గురించి అందుల రాసుకునేటోళ్లు. ఆ గ్రూపు ఎవరైనా చూడొచ్చు. నా పరిశోధన గూడ ఆ ఆపరేషన్ల మీదనే. కామారెడ్డిల అద్దె గదిల కూసొని వారం రోజులు ఆ పోస్టులన్ని దించుకున్న. మస్తు సంబురపడ్డ.

పేర్లు తీసేస్తే చాలనుకున్న. ఒకామె మాటను మాత్రం వ్యాసంల ఉన్నదున్నట్టు పెట్టిన: "ఆపరేషన్ అయినంక ఈ నడుము నాది కానట్టే ఉన్నది." ఒకనాడు పొద్దున ఎందుకో ఆ వాక్యాన్నే నెట్‌ల కొట్టి చూసిన. మొట్టమొదలు ఆమె పోస్టే వచ్చింది. పేరు, ఊరు, బడి బట్టలల్ల ఉన్న బిడ్డతోని దిగిన ఫోటో.

గైడ్ సార్‌కు చెప్పిన.

"అందరు చూసే కాడ రాసిన్రు కదమ్మా. మళ్ల పర్మిషన్ ఏంది?" అన్నడు.

ఆయన చెడ్డోడు కాదు. అప్పటిదాంక నేను గూడ గట్లనే అనుకున్న. కానీ ఇప్పుడు మనసొప్పలే. చేసింది దాచకుంట ఆమెకు మెసేజ్ పెట్టిన. రెండు దినాలకు జవాబొచ్చింది: "ఫోన్ల గాదు. ఇంటికి రా."

బస్సెక్కి ఎల్లారెడ్డి పోయిన. ఆమె వాకిట్ల కూసొని మక్క కంకులు ఒలుస్తున్నది. నన్ను కూసోమని, నేను చెప్పేదంత విన్నది.

"నేను నా తోటోళ్ల కోసం రాసిన. నీ పుస్తకం కోసం రాయలే," అన్నది.

"తప్పయింది అక్కా. తీసేయమంటే తీసేస్త."

"ముందుగాల చదువు. నా గురించి ఏం రాసినవో విననియ్యి."

ఇంగ్లీషుల రాసుకున్నది తెలుగుల చెప్పుకుంట పోయిన. ఆడోళ్లు అవగాహన లేక ఈ ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నరన్న కాడ ఆమె చెయ్యి ఆగింది.

"అవగాహన లేక గాదు. నెలనెల వచ్చే నొప్పితోని నాట్లెయ్యలేక. గది రాయి."

నాలుగేండ్లు చదివిన నాకు ఆ ముక్క తట్టలే.

"నా బాధ ఉంచు, నా మాటలు మార్చు. ఎవరు ఎతికినా నా కాడికి రావొద్దు. బిడ్డ ఎదుగుతున్నది," అని, ఇంకో కంకి అందుకుంట అడిగింది. "మరి మిగిలినోళ్లను అడిగినవా?"

అడగలే. ఆ తర్వాత మూడు నెలలు అదే పని. తాడ్వాయి పోయిన, పిట్లం పోయిన. ఒప్పుకున్నోళ్లకు రాసింది చదివి వినిపించిన. జవాబియ్యనోళ్ల పోస్టులు చెరిపేసిన. పిట్లంల ఒకామె రెండు గంటలు మనసిప్పి మాట్లాడి, ఆఖరుకు "వద్దులే బిడ్డా" అన్నది. ఆమెది గూడ చెరిపేసిన.

"సగం గూడ మిగల్లే," అన్నడు సార్. కానీ తర్వాత చేరిన స్కాలర్లకు, ముందుగాల అడిగి రాండ్రి అని ఆయనే చెప్పుడు మొదలుపెట్టిండు.

వైవాల పరీక్ష చేసేటందుకు వచ్చిన పెద్దాయన ఇంత తక్కువ మందేందని అడిగిండు.

"వీళ్లంత విని, దిద్ది, ఒప్పుకున్నోళ్లు సార్," అన్న.

నాట్ల మీద రాసిన అధ్యాయం బాగున్నదన్నడు. ఆ ఆలోచన ఎక్కడిదన్నడు.

"ఒక కూలి పనామెది. పేరు చెప్పొద్దన్నది."

చిన్నప్పటి నుంచి మార్కులకు మెచ్చుకోళ్లు మస్తుగ విన్న. కానీ అంత తలెత్తుకొని ఎన్నడు మాట్లాడలే.

ఆ అధ్యాయాన్ని తెలుగుల రాసి, ఆమె కలుపు తీస్తున్న చేను కాడికే తీసుకపోయిన. అన్నం తిన్నంక తోటి కూలోళ్లకు ఆమే పైకి చదివింది. నడుము నొప్పి సంగతి వచ్చినప్పుడు ఒక ముసలవ్వ, "ఈమె ఎవరో గాని నా తీరుగనే చెప్పింది," అన్నది.

"ఉంటది, మనలాంటిదే ఎవరో," అని ఆమె తర్వాతి పేజీ తిప్పింది.