కోటు కనబడకూడదని

మా వీధిలో ఇస్త్రీ దుకాణం నడిపే ఆయనను అందరమూ బావగారనే పిలిచేవాళ్లం. ఒకసారి ఆయన సొంత మామగారే వచ్చి, "బావగారున్నారా?" అని అడిగి నాలుక కరుచుకున్నారు. ఊరందరి బట్టలూ మడత నలగకుండా ఇచ్చే మనిషి, తన చొక్కా మాత్రం దూడ నమిలినట్టుండేది.

ఒక మధ్యాహ్నం బావగారు దుకాణం ముందు కాలిబాట మీద నిలబడి, భార్య తెచ్చే టీ కోసం చూస్తున్నారు. ఆమెను మేమంతా అక్క అనేవాళ్లం. ఒక వ్యాను కాలిబాట ఎక్కి గుద్దేసింది. ఆయన అక్కడే పోయారు. "ఆయనే అడ్డంగా పరిగెత్తాడు" అన్నాడు డ్రైవరు. కాదని చెప్పగలిగింది దుకాణంలోని కెమెరా ఒక్కటే. దానికి లోపలి నిలువుటద్దమూ, బయటి కాలిబాటా రెండూ కనిపిస్తాయి.

కెమెరా బిగించినవాడు ఆ వీడియోను అక్క ఫోన్‌లోకి ఎక్కించాడు. అక్క దాని మొదటి ముక్క కోసేసి, మిగిలింది పోలీసులకు ఇచ్చింది. వాళ్లు కెమెరా రికార్డులు దాచే అసలు పెట్టె కోసం వచ్చేసరికి, అది నిండిపోయి, పాతవి చెరిపేసి వాటి మీద కొత్తవి ఎక్కించుకుంది.

కోర్టులో అక్కకు తోడుగా నేనూ కూర్చున్నాను. వీడియోను పరీక్షించినవాళ్ల నివేదిక చదివారు. ఇది కత్తిరించినది. పోల్చి చూద్దామంటే అసలు వీడియో లేదు. మిగతా భాగమైనా మార్చలేదని చెప్పలేం.

డ్రైవరు తరఫు లాయరు లేచాడు. "ఏం కోశావమ్మా?"

"దానికీ దీనికీ సంబంధం లేదండీ."

"అది తేల్చుకోవడానికైనా ఉంచాలిగా!"

అక్క తల దించుకుంది. "చెప్పమ్మా, దాస్తే నీకే నష్టం" అన్నారు న్యాయమూర్తి.

"ఇస్త్రీకి వచ్చిన కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డారండీ. అటు తిరిగి, ఇటు తిరిగి, తనకు తానే నమస్కారం కూడా పెట్టుకున్నారు. ఆనక విప్పేసి, మళ్లీ ఇస్త్రీ చేసి తగిలించి, బయటికొచ్చారు. జనం బట్టలు వేసుకునేవాడని పోయినాక పేరొస్తే ఎలాగండీ? ఆ పరువుతోనే బతికాం కదా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా పెదవీ కదిలింది, పాపం శమించుగాక.

న్యాయమూర్తి ఆమె మాట నమ్మినట్టే కనిపించారు. నమ్మకం వేరు, రుజువు వేరు. ఆ వీడియో సాక్ష్యంగా చెల్లలేదు. చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. నాలుగు వాయిదాలు తిరిగాక డ్రైవరు నిర్దోషిగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేమూ ఆ మెట్ల మీదే కూలబడ్డాం.

"పరువు కాపాడబోయి ఆయన్ని రెండోసారి చంపానా తమ్ముడూ?"

నేను ఆమె పక్కకు జరిగాను.

"ఆ కోటు నీదే. ఏమీ అనుకోకు" అంది అక్క.

"అనుకోవడానికేముందక్కా! ఎలా ఉన్నారు బావగారు అందులో?"

అక్క రోడ్డుకేసి చూసింది.

"చేతులు కాస్త పొడుగయ్యాయి. లోపలికి మడుచుకున్నారు" అని, ఎలా మడుచుకున్నారో తన చేతి మీద చూపించింది.