ఎల్లమ్మ రాని రోజు

శంకరవ్వ నవ్వితే ముందు పళ్లు రెండు ఉండవు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వమని కోడళ్లు చెప్పి చెప్పి విసిగిపోయారు. ఆమె వింటేగా! ఆ సందు నలుగురికీ కనపడాలనే ఆమె పట్టుదల.

ముస్తాబాద్ దిక్కు ఊళ్లో ఆమె శివసత్తి. జమిడిక మోగి, సాంబ్రాణి పొగ లేచిందంటే ఎల్లమ్మ ఆమె మీదికి వచ్చేది. ఆ ఘడియలో ఆమె నోట వచ్చిన మాటకు పటేలైనా తల వంచాల్సిందే. తెల్లారితే ఆమె మళ్లీ అదే పటేలు పొలంలో నాట్లు వేసే కూలి మనిషి.

అన్నలు ఊళ్లల్లోకి వచ్చి సంఘాలు పెడుతున్న కాలమది. నేత పని చేసే సారయ్య సంఘంలో చేరి, పటేలు ఎదుట నిలబడి కూలి పెంచమన్నాడు. పిల్లలకు జ్వరమొస్తే పసరు మందు ఇచ్చేదీ అతనే. ఆ మందు తాగిన పటేలు మనవడు రెండు రోజులకు కన్నుమూశాడు. పటేలు ఏడుపు నిజమే, పగ మాత్రం పాతది. సారయ్య బాణామతి చేసి పిల్లవాణ్ని చంపాడన్న మాట ఊరంతా పాకింది. ఇక అమ్మవారి నోట ఆ పేరు ఒక్కటి రావాలి. వస్తే ఊరే అతని పళ్లు ఊడగొడుతుంది, నోట్లో మంత్రం నిలవకూడదని. ఆ దెబ్బలకు బతికి బట్టకట్టినవాళ్లు తక్కువ.

శంకరవ్వను తన గడిలో నడిమింటికి పిలిపించి పటేలు తలుపు గడియ పెట్టాడు. లోపల వాళ్లిద్దరూ, జమిడిక వాయించే రాజం. బయట ఊరు ఊరంతా. దీపం పక్కన పట్కారు పెట్టి ఉంది. ఏ పేరు రావాలో అమ్మకు ఎరుకేనని పటేలు మెల్లగా అన్నాడు.

జమిడిక మోగింది. శంకరవ్వ జుట్టు విరబోసుకుని కళ్లు మూసుకుంది. రా తల్లీ, నువ్వే దిక్కు, అని లోలోపల మొక్కింది. పొగ గదంతా కమ్మింది. అమ్మ రాలేదు. మళ్లీ పిలిచింది. ఒంట్లో ఒక్క నరమూ కదల్లేదు. పటేలుకు భయపడని మనిషి అప్పుడు వణికింది. ఇన్నేళ్లు కొలిచిన తల్లి ఈ చీకటి గదిలో తనను ఒంటరిగా వదిలేసిందా?

పూనినట్టు ఊగడం ఆమెకు చేతగాక కాదు. రాజం వంగి చెవిలో గొణిగాడు.

"ఊగు అక్కా. ఆ పేరు చెప్తే నీ పానం దక్కుతది."

మోకాళ్లు వాటంతటవే కదలబోయాయి. శంకరవ్వ నేల మీద చతికిలబడింది. విరబోసిన జుట్టును చుట్టి కొప్పు ముడి వేసుకుంది. కొప్పు ముడిస్తే ఇక ఆమె అమ్మ కాదు, మనిషి. బయటికి వినపడేలా గట్టిగా చెప్పింది.

"అమ్మ రాలే."

అయితే నువ్వు దొంగ శివసత్తివి, బాణామతి నీదేనని పటేలు పట్కారు తీశాడు.

"రానిది వచ్చిందని చెప్ప. పండ్లే గావాల్నంటే నాయి పీకు," అని నోరు తెరిచింది.

రెండు పీకాడు. మూడోదానికి రాజం జమిడిక విసిరేసి గడియ తీశాడు. నెత్తురోడే నోటితో, ముడిచిన కొప్పుతో ఆమె గడప దాటింది. జనం ఆ కొప్పు చూసి దారి ఇచ్చారు. అమ్మ నోట ఆ పేరు రాలేదు కనుక సారయ్య మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

కబురు అందుకుని వారంలోనే అన్నలు వచ్చి మీటింగు పెట్టారు. దళ నాయకుడు, మీసాలింకా సరిగా రాని పిల్లవాడు, ఆమెను తెగ మెచ్చుకున్నాడు. దేవత లేదు, పూనకం ఉత్త బూటకమని ఆ నోటితోనే జనానికి చెప్పమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె లేచి నిలబడింది.

"ఆనాడు రాలే, రాలేదన్న. వచ్చిననాడు వచ్చిందనే అంట. పటేలు పట్కారుకు చెప్పని అబద్ధం నీ తుపాకికి చెప్తనా కొడుకా?"

శంకరవ్వ అందరి వైపూ చూసి నోరారా నవ్వింది. అప్పటికి ఆ పుండు ఇంకా మానలేదు.