కుడికి లాగిన కారు

మా కారు ముందు టైర్లలో కుడివైపుది మాత్రమే త్వరగా అరిగిపోతూ ఉండడంతో, ఈ ఉదయం రావులపాలెంలో మెకానిక్ దానియేలుకు చూపించాను. అతడు రెండు చక్రాలూ విప్పి, బ్రేకు ప్యాడ్లను నా అరచేతిలో పెట్టాడు. ఎడమది దాదాపు కొత్తదిలా ఉంది. కుడిది అట్టముక్కంత పలుచగా అరిగిపోయింది.

"కుడి బ్రేకు పట్టేసి వదలట్లేదండి మాస్టారూ. పాపని స్కూలుకి తీసుకెళ్లేటప్పుడు కాలవ ఏ పక్కనుంటదండి?"

"కుడిపక్కనే."

"కారు కూడా అటే లాగుతుందండి. మీ చేతులు ఎడం పక్కకి తిప్పి ఆపుతున్నాయి. ఎన్నాళ్లబట్టో మరి."

"నాకు అటువంటిదేమీ తెలియలేదే."

"మీకు తెలీలేదండి. చేతులకి తెలుసు."

నా డ్రైవింగును ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేదని చెప్పి, కారు అతనికి అప్పగించాను.

మధ్యాహ్నానికి బ్రేకు బాగయింది. సాయంత్రం బడి దగ్గర మనవరాలిని ఎక్కించుకుని అదే కాలువ గట్టు మీదుగా ఇంటికి బయలుదేరాను. తిరుగు దారిలో కాలువ ఎడమవైపున ఉంటుంది. కారు ఇప్పుడు ఎటూ లాగడం లేదు. అయినా మెల్లమెల్లగా నీటివైపు జరుగుతోంది.

"తాతయ్యా, కాలవలోకెళ్తున్నామేంటి?" అని వెనుక సీటులోనుంచి పాప నెమ్మదిగా అడిగింది.

అప్పుడు చూసుకున్నాను. స్టీరింగును ఎడమకు తిప్పి పట్టుకున్నవి నా చేతులే.

కారును అక్కడే ఆపి, ఆటోలో ఇల్లు చేరాము. బ్రేకును దానియేలు సరిచేశాడు. చేతులను సరిచేసే ఉపాయం తెలిసినవారు దయచేసి తెలియజేయండి. అంతవరకు పాప ఆటోలోనే బడికి వెళుతుంది.