నీళ్ళు తిరిగొచ్చిన బావి

మా పక్కింటి మామ మొన్న మంగళవారం తెల్లవారుజామున చనిపోయాడు. బావిలో కాదు, జ్వరంతో తన మంచం మీద. ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఊరు నంగలిలో అప్పుడే "ముసలోణ్ణి బావి మింగింది" అని చెప్పుకుంటున్నారు. అబద్ధం. డెబ్బై దాటాక కూడా ఆయన రోజూ బావిలోకి దూకాడు, రోజూ పైకి తేలాడు.

మా వైపు బావులు ఎండిపోయి ఒక తరం గడిచింది. మా పిల్లలకు బావి అంటే చెత్త పోసే గొయ్యి. ఈ మధ్య బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీళ్ళు మా చెరువులకు వదిలాక, బావుల్లో మళ్ళీ ఊట పుట్టింది. మామ పంచె ఎగగట్టి గట్టెక్కాడు. దూకే ముందు ఒక రాయి వేసి చెవి ఒగ్గి వినేవాడు. పాములుంటే పక్కకు పోతాయి, నీళ్ళెంత ఉన్నాయో చప్పుడే చెబుతుంది.

పక్క ఊళ్ళో ఒకతను చెరువులో జారిపడి, ఈత రాక చనిపోయాడు. భయపడి మామ కొడుకు బావి మీదికి ఇనుప జాలీ చేయించాడు. నేను బైబిలు గ్రంథం చంకన పెట్టుకుని వాక్యం చెబుతూ వీధివీధికీ తిరిగేవాణ్ణి కదా, నన్ను పిలిచాడు.

"అన్నా, ముసలోళ్ళు బావిలో దూకకూడదని నీ వాక్యంలో యాడన్నా ఉండాదేమో చూడు."

నేను గొంతెత్తి, నీళ్ళ మీద నడవబోయి, భయపడి మునిగిన యేసు శిష్యుడి కథ చెప్పాను.

మామ తల తుడుచుకుంటూ విన్నాడు. "ఆయప్పకు ఈత నేర్పించింటే సరిపోతా ఉండె కదప్పా."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "నీళ్ళొచ్చినాయి, ఈత రాలేదు. బావికి జాలీ వేస్తావు సరే, చెరువుకు యాడ తెస్తావురా? వీధిలో అందరికీ ఈత వచ్చినాంక వేసుకో, ఇంగ నేను అడ్డం రాను."

జాలీ పశువుల కొట్టానికి ఆనించే ఉండిపోయింది. ఈత నేర్పడానికి ఆడామగా అందరి నడుముకూ ఆయన తేలే బెండ్లు కట్టాడు, నాకూ కట్టాడు. "బాప్తిస్మానికి ముంచేది నీకు తెలుసు, తేలేది నేను చెప్తా," అని నవ్వాడు. "నీళ్ళతో కొట్లాడొద్దప్పా. ఒళ్ళు వదులు."

ముసలితనమంటే మూలన కూర్చోవడమని వాక్యం ఎక్కడా చెప్పలేదు. వెతికాను. ఎవరైనా చూపిస్తే నా గ్రంథం వాళ్ళకే ఇస్తాను.

చివరికి వీధిలో ఈత రానివాడు ఒక్కడే మిగిలాడు, మామ కొడుకు. పంతంకొద్దీ నీళ్ళలో దిగలేదు.

దహనం ముగిశాక మేమంతా స్నానానికి బావి దగ్గర చేరాం. కొడుకు కొట్టం వైపు వెళ్ళాడు. జాలీ తెస్తాడనుకుని నేను అడ్డంగా నిలబడ్డాను.

నడుముకు తండ్రి బెండు కట్టుకుని వచ్చాడు.

"జరుగన్నా," అన్నాడు.

గట్టెక్కి ఒక రాయి తీసుకున్నాడు. బావిలోకి వదిలి, చెవి ఒగ్గాడు.