అత్త చేతికిచ్చిన లావు కండె

పోయిన నెల ఒక ఉదయం మా వీధి చివర మగ్గం ఆగింది. తర్వాత దాని పక్కది, ఆ తర్వాత ఎదురింటిది. చప్పుడు ఆగుతూ మా ఇంటి వైపే వస్తుంటే రాట్నం మీద నా చెయ్యి నిలిచిపోయింది. గుడియాత్తంలో మా వీధి మగ్గాలు పనివేళ అట్లా ఆగేది చావు కబురుకే. ఎస్టీడీ బూత్ నడిపే ఆమె గడప దగ్గరికి వచ్చి, "వేలూరు ఆస్పత్రి నించి మీ ఆయన ఫోను చేసినాడమ్మా" అని అంతటితో ఆపింది. అక్కడ చేర్చిన మా అత్త పోయింది.

నేను పుట్టింట్లో, ఆంధ్రలో పలమనేరు వైపు, ఐదో తరగతి దాకా చదివాను. ఇక్కడి బళ్ళలో అరవమే కాబట్టి ఈ ఇంట్లో తెలుగు రాయడం వచ్చింది నాకొక్కదానికే. నలుగురిలో నోరు తెరవలేని దాన్ని, రాస్తే ఎవరూ నా ముఖం చూడరు కదా అని రాస్తున్నాను.

అత్త గుంట మగ్గం మీద, నేలలోని గుంటలో కాళ్ళు దించి కూర్చుని, లుంగీలు నేసేది. ఆమెకు కండెలు చుట్టివ్వడం నా పని. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట, అది అయిపోతే మగ్గం ఆగాల్సిందే. కొత్తలో నేను వదులుగా చుట్టి నూలు చిక్కుపడితే అత్త కోప్పడేది కాదు. "నీ చెయ్యి భయపడతా ఉండాదమ్మా. నూలుకు తెలిసిపోతాది" అనేది. ఏ కండెనైనా నాడెలో పెట్టేముందు అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకోవడం ఆమెకు అలవాటు.

మూడేళ్ళ కిందట, మా ఆడబిడ్డ పదో తరగతిలో ఉండగా, వేలూరులో వ్యాపారస్తులు కొందరు హైస్కూలు పిల్లలకు పోటీ పెట్టారు. నువ్వు ఏ వ్యాపారం పెడతావు, ఎట్లా నడుపుతావు అని ఐదు నిమిషాల్లో నిలబడి చెప్పాలి. అప్పుడు పేపర్లలో అంతా కొత్త వ్యాపారాల మాటే. మా ఇంట్లో మాత్రం రెండో మగ్గం నేసే కూలిమనిషి తోళ్ళ ఫ్యాక్టరీకి పోయాడు. ఆ మగ్గం మీద కూతుర్ని కూర్చోబెట్టాలని మామ ఆలోచన. "పరిసు తెస్తే ప్లస్ ఒన్. లేకుంటే మగ్గం" అన్నాడు. పరిసంటే బహుమతి, ప్లస్ ఒన్ అంటే ఇక్కడ పదకొండో తరగతి.

వ్యాపారం ఆలోచన అత్తదే. చుట్టాలకు తోడుగా వేలూరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, రోగులతో వచ్చేవాళ్ళను చూసిందట. "యాడ్యాడి నించో వస్తారు నాయనా. కింద పేపర్లు పరుచుకోని పండుకుంటారు" అని కూతురికి చెప్పింది. ఒక దుప్పటి, ఒక తువ్వాలు, ఒక లుంగీ మూటగా కట్టి ఆస్పత్రి దగ్గర లాడ్జీల్లో అమ్మాలి. మా ఆడబిడ్డ దాన్ని చక్కటి అరవంలో రాసుకుంది.

పిల్ల చెప్పేది పని ఆపి వింటే మామ ఊరుకోడు. ఒకరోజు బడి టీచరు ఇంటికి వచ్చి చేతిగడియారం పెట్టి చూసింది. అత్త ఒక కండె నేసేసరికి సరిగ్గా ఐదు నిమిషాలు. "ఇంకేమి, నా కండే నీ గడియారం" అంది అత్త. పిల్ల గుంట అంచున నిలబడి చెప్పేది, అత్త నేసేది. నూలు అయిపోగానే "తీరిపోయినాది" అని ఆపేది. ప్రతిసారీ ధర చెప్పకముందే తీరిపోయేది.

"సరుకంతా పరిచి ధర చెప్పకుండా లేస్తే ఎవురు కొంటారే? మాటలు తగ్గించు."

"అన్నీ కావల్సినవేనమ్మా!" అని ఏడ్చేది పిల్ల.

ఆ ఏడుపు చూడలేక తప్పు చేశాను. కండెలు లావుగా చుట్టాను, నేసేసరికి ఐదు నిమిషాలు దాటేట్టు. ఆ రోజు పిల్ల ధర దాకా వచ్చేసింది. "వదినా, వచ్చేసినాది!" అని నన్ను వాటేసుకుంది. కండె నాడెలో ఇరుకై గరగరా రాచుకుంటోంది. అత్త వింటుందేమోనని రాట్నం ఇంకా గట్టిగా తిప్పాను. ఆమె తర్వాతి కండెను ఎగరేసి పట్టుకుని నాడెలో పెట్టింది.

పోటీకి ముగ్గురం బస్సెక్కాం. చెప్పేయాలని దారిలో మూడుసార్లు నోరు తెరిచాను. ఒకసారి అత్త నా వైపు తిరిగి "వాంతి వస్తా ఉండాదా అమ్మా?" అని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కల్యాణ మండపంలో వేదిక కింద ఒకాయన గడియారం, గంట పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గంటను చూసి నేను అత్త వెనక్కి జరిగాను.

పిల్ల బాగా చెప్పింది. పేపర్ల మీద పడుకునేవాళ్ళ సంగతి చెప్పినప్పుడు అందరూ నిశ్శబ్దంగా విన్నారు. "ఇంక దీని ధర" అంది. గంట కొట్టారు.

"సరుకు బాగుంది పాపా, ధర చెప్పలేదే!" అన్నాడు ఒక పెద్దాయన. హాలంతా నవ్వింది. పిల్ల కిందికి దిగి వచ్చి అత్త ఒడిలో ముఖం పెట్టుకుంది. బహుమతి వేరే వాళ్ళకు పోయింది.

ఇంటికి వచ్చేసరికి మామ వాకిట్లోనే ఉన్నాడు. "పరిసు యాడ?"

అత్త చెప్పులు విడవకుండానే అంది. "కొలత తప్పింది నేను. మూరకర్ర తప్పయితే బట్టను చించుతారా? పిల్ల బడికి పోతాది. ఆ మగ్గమూ నేనే నేస్తా."

"రెండు మగ్గాలకు నీకు నాలుగు చేతులుండాయా?"

"రెండు నీవి ఉండాయి కదా, సుమ్మానే, ఖాళీగా."

మామ లోపలికి పోయాడు. మరుసటి వారం నుంచి ఆ మగ్గం మీద ఆయనే కూర్చున్నాడు. ఆయన నడుం పట్టేసిన రోజుల్లో అత్త పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి నేసింది. మా ఆడబిడ్డ ఇప్పుడు వేలూరులో కాలేజీకి పోతోంది.

నాకు మాత్రం అన్నం సహించలేదు. ఒకరోజు కండెలు అందిస్తూ "అత్తా, ఆ కండెలు..." అన్నాను.

"ఊరుకో. చేతిలో ఎగరేసినప్పుడే తెలిసినాది."

"మరి నన్నెందుకు అడగలేదు?"

ఆమె కొత్త కండెను నాడెలో పెట్టుకుంది. "నాకూ ఆ ధర వినాలని ఉండె" అంది.

కర్మాంతరం అయ్యాక మగ్గాలు మళ్ళీ మొదలుపెట్టాం. అంతదాకా బయట పనికి పోయే మా ఆయన అత్త గుంటలో దిగాడు. నేను ఏ ధ్యాసలో చుట్టానో, "ఏందే, ఇంత లావుగా సుట్టినావు? రాచుకుంటా ఉండాది" అన్నాడు.

"ఆ ఒక్కటీ అట్లే నేసేయండి" అన్నాను.

నాడె గరగరమంటూ అటూ ఇటూ పోతోంది. ఆడబిడ్డ చెప్పిన మాటలు విని విని నాకు కంఠతా వచ్చేశాయి. రాట్నం ముందు కూర్చుని ఎవరికీ వినపడకుండా మొదటి నుంచి చెప్పుకుంటూ పోయాను. నూలు తీరి నాడె ఆగేసరికి ధర కూడా చెప్పేశాను.