తోతాపురి ఆట చేసిన మునిరత్నం అన్న

మునిరత్నం అన్న పోయాడని నిన్న పొద్దున మన బోర్డ్ గేమ్స్ వాట్సాప్ గ్రూప్‌లో చూశాను. గుండెపోటు.



నగరిలో మగ్గం పని చేస్తూ, తీరిక దొరికితే ఆటలు డిజైన్ చేసే మనిషి ఆయన.

మెసేజ్ పెట్టింది ఎవరో తెలుసా? గ్రూప్ అడ్మిన్ కిషోర్. "ఒక లెజెండ్‌ని కోల్పోయాం" అట.

లెజెండ్!

మీరంతా మర్చిపోయినట్టున్నారు, గుర్తు చేస్తాను.

నాలుగేళ్ల కిందట తిరుపతిలో ఒక కేఫ్‌లో మన మీటప్. అందరి ముందూ ఫారిన్ నుంచి తెప్పించుకున్న ఆటల పెట్టెలు. అన్న నగరి నుంచి బస్సులో వచ్చి, సంచిలోంచి ఒక గుడ్డ తీసి పరిచాడు. దాని మీద పెయింట్‌తో గీసిన రోడ్డు, చివర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. పావులు చింతపిక్కలు.

"ఏం తాతా, పిక్కలాడేకి ఇంత దూరమొచ్చినావా?" అన్నాడు కిషోర్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాచను.

జాలిపడి నలుగురం కూర్చున్నాం. ఆట పేరు తోతాపురి, గుజ్జుకు పంపే మామిడి రకం. ఒక్కొక్కరం ఒక రైతు. కాయలు కుళ్లేలోపు మన ట్రాక్టర్ ఫ్యాక్టరీ గేటు దాటాలి. ఒకరినొకరు వెనక్కి తోసుకున్నాం. అందరి కాయలూ కుళ్లిపోయాయి.

"ఇదేం ఆట? ఎవరూ గెలవలేదే!" అన్నాను.

"తొయ్యచ్చు అని రాసినాను. తొయ్యల్ల అని యాడన్నా రాసినానామ్మా?"

రూల్స్ మళ్లీ చదివాను. తోసి తీరాలని ఎక్కడా లేదు. వరసలో వెళ్లుంటే నలుగురం గెలిచేవాళ్లం.

నేను చిత్తూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆటలు చేయడం నా సరదా. నా మొదటి కార్డ్ గేమ్ పట్టుకుని గర్వంగా ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన ఆ కార్డులు భార్య రాజమ్మక్క చేతిలో పెట్టాడు. ఆమెకు చదవడం రాదు. తిప్పి తిప్పి చూసి, ఇబ్బందిగా నవ్వింది.

"నీ తెలివి సూపించేకి చేసినావు. మా ఇంటామె ఆడేట్టు చేసుకోని రా, పో."

ఏడుపొచ్చింది. మూడు నెలలు కూర్చుని, ఒక్క అక్షరం లేకుండా బొమ్మలతో చేశాను. రాజమ్మక్క నన్ను రెండుసార్లు ఓడించింది! ఈ రోజు వరకూ నా ఆటలన్నీ అలాగే చేస్తున్నాను.

ఇక కిషోర్ గారి ఘనకార్యం.

పోయిన ఏడాది తోతాపురిని రంగుల పెట్టెలో పెట్టి రిలీజ్ చేశాడు. డిజైనర్ అని తన పేరు. లోపల చిన్న అక్షరాల్లో "ఒక జానపద ఆట ఆధారంగా".

బతికున్న మనిషి జానపదం అయిపోయాడు.

ఆ పెట్టె అన్నకు నేనే చూపించాను. రూల్స్ మొత్తం చదివి మూసేశాడు.

"పేరు పోతే పోనీమ్మా. ఒక్కడే గెలిచేట్టు మార్సినాడు సూడు. ఆటే చెడగొట్టేసినాడు."

గ్రూప్‌లో నిలదీయాలనుకున్నాను. గొడవెందుకులే అని నోరు మూసుకున్నాను. నేనూ మీలో ఒకదాన్నే.

నిన్న సాయంత్రం నగరిలో అంత్యక్రియలకు కిషోర్ వచ్చాడు. రాజమ్మక్క పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

"ఎవురమ్మా ఈయప్ప? మా ఆయనకు బాగా కావాల్సినోడా?" అని ఆమె నన్ను అడిగింది.

"కాదక్కా. అన్న ఆటను దొంగిలించినోడు."

గట్టిగానే అన్నాను. జనం తిరిగి చూశారు. కిషోర్ ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అన్న చేత్తో రాసిన అసలు రూల్స్, రాజమ్మక్కను అడిగే, కింద ఫొటో పెట్టాను. ఆయన పేరు చెప్పి ఆడుకోండి.

వెళ్లిరా అన్నా. ప్రశాంతంగా పడుకో. మా గురించి బెంగ పెట్టుకోకు, అంత విలువ మాకు లేదు.